పోపుకు మోగకుండా మంటకు మోగేది ఏది? ఇంటికి స్మోక్ అలారం ఎంచుకునేవాళ్లకు

న్యూజెర్సీలో మా చెల్లెలి అపార్ట్‌మెంట్‌కు వెళ్లినప్పుడు హాల్లో పైకప్పుకున్న స్మోక్ అలారానికి ప్లాస్టిక్ షవర్ టోపీ తొడిగి ఉంది. "ఇదేమిటే?" అంటే, "సత్యనారాయణ వ్రతం రోజు హారతి పొగకు మోగుతుందని తొడిగాం అన్నయ్యా. తీద్దాం తీద్దాం అనుకుంటూనే ఉన్నా. తీస్తే పోపు పెట్టినప్పుడల్లా ప్రాణం తోడేస్తుంది" అంది. వ్రతం అయ్యి అప్పటికి మూడు నెలలు.

అలారం కొనేటప్పుడు అందరూ అడిగేది "ఇది పొగను పట్టుకుంటుందా?" అని. కాస్త మంచి తయారీదయితే ఏదైనా పట్టుకుంటుంది. అడగాల్సిన ప్రశ్న వేరు: "ఇది మా వంటింటి పక్కన ఏడాది పొడవునా టోపీ లేకుండా బతుకుతుందా?" అమెరికాలో ఇళ్లు అంటుకుని చనిపోయేవాళ్లలో ఐదుగురికి దాదాపు ముగ్గురు అలారం అసలే లేని, లేదా ఉన్నా పనిచేయని ఇళ్లలో వాళ్లేనని అక్కడి జాతీయ అగ్నిరక్షణ సంఘం లెక్క. ఉండి కూడా మోగకపోవడానికి పెద్ద కారణం బ్యాటరీ పీకేయడం, లేదంటే అది అయిపోయినా పట్టించుకోకపోవడం. యంత్రం చెడిపోయి మోగనివాటి కన్నా మనుషులు నోరు నొక్కేసినవే ఎక్కువన్నమాట.

మన దగ్గర పాత ఇళ్లలో ఈ టోపీ గొడవ కూడా లేదు, అలారమే ఉండదు గనక. 2025 మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్‌లో పొద్దున్నే ఇల్లు అంటుకుని 17 మంది చనిపోయారు. అంతకుముందు, 2023 నవంబరులో, నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్ట్‌మెంట్ కింద నిలవ పెట్టిన రసాయనాలు అంటుకుని కనీసం 9 మంది పోయారు. రెండుచోట్లా కింద మంట, పైన మనుషులు, మధ్యలో పొగ నిండిన మెట్లు. మంట తగలకముందే పొగ పీల్చి స్పృహ తప్పితే ఇక పరిగెత్తేదెవరు?

పైగా ఇప్పటి ఇళ్లలో టైమ్ తక్కువ. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ చేసిన ప్రయోగాల్లో, మంట రాజుకున్నాక బయటపడడానికి 1970లలో సుమారు 17 నిమిషాలు దొరికితే, 2000ల నాటి సామానుతో అది సుమారు 3 నిమిషాలకు పడిపోయింది. నవారు మంచం, టేకు కుర్చీ ఉన్న ఇల్లు వేరు. ఫోమ్ సోఫా, ఫోమ్ పరుపు, పాలిస్టర్ కర్టెన్లున్న ఇల్లు వేరు.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదటిది, ఊరికే మోగడం. తాలింపు, మిరపకాయ బజ్జీలు, సాంబ్రాణి, అగరుబత్తి, దోమల కాయిల్, గీజర్ నీళ్ల ఆవిరి. ఇవన్నీ మనింట్లో రోజూ ఉండేవే. వీటన్నిటికీ మోగే అలారం నెల తిరక్కుండా అటక ఎక్కుతుంది.

రెండోది, మీ ఇంట్లో రాగల మంట ఏ తరహాది అన్నది. పరుపు మీద పడ్డ సిగరెట్టు, లోపల్లోపల కాలే వైరు, దోమల కాయిల్ తగిలిన దుప్పటి వంటివి పైకి మంట లేకుండా గంటల తరబడి లోలోపల మసలుతూ పొగ కక్కి అప్పుడు అంటుకుంటాయి. నూనె మూకుడు, దీపం తగిలిన కర్టెన్ అయితే భగ్గుమంటాయి. రాత్రి నిద్రలో ప్రాణం తీసేవి ఎక్కువగా మొదటి రకమే.

మూడోది మన ఎండ, మన దుమ్ము. దీన్ని ఎవరూ చూడరు. అమెరికా నుంచి తెచ్చుకున్న అలారాల వెనక చదవండి, చాలావాటి మీద 4 నుంచి 38 డిగ్రీల మధ్య వాడమని ఉంటుంది. మే నెలలో మన పై అంతస్తు గది మధ్యాహ్నానికే 38 దాటుతుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 14604 ప్రకారం తయారైనవి 55 డిగ్రీల దాకా పరీక్షకు నిలబడినవి. తెలుగు నేల మీద వాడేందుకు నేనైతే ఆ గుర్తున్నదే ఏరుకుంటాను.

నాలుగోది, దాన్ని చూసుకునేది ఎవరు? డెబ్బై దాటిన నాన్నగారు స్టూలెక్కి బ్యాటరీ మార్చాల్సిన అలారం ఎంత గొప్పదైనా ఆ ఇంటికి పనికిరాదు.

లోపలి సెన్సరు: నాలుగు రకాలు

| రకం | మసలే మంటకు | భగ్గుమనే మంటకు | పోపు, వేపుళ్లకు ఊరికే మోగడం | ఎక్కడ బాగుంటుంది |
|---|---|---|---|---|
| అయనైజేషన్ | ఆలస్యం | కాస్త తొందర | ఎక్కువ | వంటింటికి బాగా దూరంగా |
| ఫోటోఎలక్ట్రిక్ | తొందర | కాస్త ఆలస్యం | తక్కువ (ఆవిరి, దుమ్ముతో మాత్రం జాగ్రత్త) | పడకగదులు, హాలు, నడవా |
| రెండూ కలిసినది | తొందర | తొందర | మోడల్‌ని బట్టి | పెద్ద ఇల్లు, వంటకు దూరంగా |
| వేడి అలారం | చాలా ఆలస్యం | మంట పెరిగాక | దాదాపు లేదు | వంటింట్లోనే |

ఫోటోఎలక్ట్రిక్ ఎలా పనిచేస్తుందో పాత సినిమా హాళ్లు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ప్రొజెక్టర్ వెలుగులో బీడీ పొగ తేలుతూ కనపడేది గుర్తుందా? అదే ఇది. చీకటి గూట్లో చిన్న ఎల్‌ఈడీ వెలుగు ఒక పక్కకు పోతుంటుంది. వెలుగు నేరుగా పడని చోట కన్నులాంటి సెన్సరు కూర్చుని ఉంటుంది. పొగ లోపలికొస్తే వెలుగు చెదిరి ఆ కన్ను మీద పడుతుంది, అలారం మోగుతుంది. పొగ రేణువు పెద్దదయితే వెలుగు బాగా చెదురుతుంది. అందుకే మసలే పొగను ఇది ముందు పడుతుంది. అందుకే బాత్రూమ్ ఆవిరికి, గూట్లో దూరిన బుల్లి బొద్దింకకు కూడా మోసపోతుంది.

అయనైజేషన్ దాంట్లో అమెరీషియం-241 అనే రేడియోధార్మిక పదార్థం రవ్వంత ఉంటుంది. అది గూట్లోని గాలిలో సన్నటి కరెంటు పారేలా చేస్తుంది. పొగ రేణువులు ఆ కరెంటుకు అడ్డం పడితే మోత. కంటికి కనపడనంత సన్నటి రేణువులకు ఇది చురుకు. కాగిన నూనె నుంచి, మాడిన బ్రెడ్డు నుంచి వచ్చేవి సరిగ్గా అవే. మా చెల్లెలి ఇంట్లో ఆవాలు చిటపటమనే లోపే మోగింది ఈ రకమే. పెట్టె పగలగొట్టకుండా గోడకున్నంత కాలం అందులోని రేడియోధార్మికత వల్ల భయం లేదు గానీ, దాన్ని చెత్తబుట్టలో పారేసే వస్తువుగా చూడకూడదు.

రెండూ కలిసిన అలారం వినడానికి బాగుంటుంది. నాకు దాని మీద ఒక అనుమానం ఉంది. రెండు సెన్సర్లలో ఏది పొగ అన్నా మోగే మోడల్‌లో అయనైజేషన్ చిరాకు కూడా కలిసే వస్తుంది. ఉల్లిపాయ వేయించని ఇంటికి పరవాలేదు. అమెరికాలో ఉన్నవాళ్లు కొత్తది కొంటుంటే పెట్టె మీద యూఎల్ 217 (అక్కడి స్మోక్ అలారాల ప్రమాణం) ఎనిమిదో కూర్పు, లేదా ఆ తర్వాతిది అని ఉందేమో చూసుకోండి. వంట పొగకు ఊరికే మోగకూడదనే పరీక్ష ఆ కూర్పుతోనే వచ్చింది, ఫోమ్ మంటలను పసిగట్టే పరీక్ష కూడా. పదేళ్ల నాటి అలారం ఉన్న ఇంట్లో ఇది మార్చడమే సగం మందు.

ఇక వేడి అలారం. పొగతో దీనికి పని లేదు. గదిలో వేడి 57 డిగ్రీల దరిదాపుకు చేరినా, కొన్ని మోడళ్లలో వేడి గబగబా పెరిగినా మోగుతుంది. వంటింట్లో పొగ అలారం పెట్టి బాధపడేకన్నా ఇది పెట్టడం తెలివైన పని. స్కాట్లాండ్‌లో 2022 ఫిబ్రవరి నుంచి అమలైన నిబంధన కూడా అదే: హాల్లో, నడవాల్లో పొగ అలారం, వంటింట్లో వేడి అలారం, అన్నీ ఒకదానికొకటి కలిపి. అయితే వేడి అలారం మోగేసరికి మంట పెద్దదయి ఉంటుంది. పడకగదికి దీన్ని పెట్టుకుని నిశ్చింతగా పడుకోవడం తప్పు. రేకుల కప్పు వంటింట్లో అయితే ఎండాకాలం మధ్యాహ్నం పొయ్యి కూడా వెలిగితే మోగే వీలుంది. అక్కడ ఇంకా ఎక్కువ వేడికి మోగే మోడల్ అడిగి తీసుకోవాలి.

తేల్చి చెప్పమంటే, తెలుగు వంట చేసే ఇంటికి పడకగదులకీ హాలుకీ ఫోటోఎలక్ట్రిక్, వంటింటికి వేడి అలారం. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రం 2027 జనవరి 1 నాటికి ఇళ్లన్నిటిలో ఫోటోఎలక్ట్రిక్ అలారాలే, అదీ ఒకదానికొకటి కలిపి, ఉండాలని చట్టమే చేసింది. అక్కడివాళ్లు పోపు పెట్టుకోరు. అయినా దాన్నే ఎంచుకున్నారు.

ఇండియాలో కొనేవాళ్లు ముందు ఇది చదవండి

ఆన్‌లైన్‌లో "స్మోక్ డిటెక్టర్" అని కొడితే చవగ్గా వచ్చేవాటిలో చాలా భాగం ఇంటికి పనికిరావు. అవి ఆఫీసుల కోసం చేసినవి. వాటికి రెండు వైర్లుంటాయి, పక్కన 12-30 వోల్టులనో 24 వోల్టులనో రాసి ఉంటుంది. పొగ వస్తే అవి కంట్రోల్ ప్యానెల్‌కు కబురు పంపుతాయి తప్ప వాటంతట అవి మోగవు. మా కింది ఫ్లాట్ ఆయన అలాంటివి మూడు కొని, డబుల్ టేపుతో పైకప్పుకు అంటించి, ఏడాదిన్నర ధైర్యంగా ఉన్నాడు. నేను చూసి, "దీంట్లో బ్యాటరీ ఎక్కడండీ?" అని అడిగేదాకా ఆయనకూ ఆ ప్రశ్న రాలేదు.

కొనేముందు మూడు చూడండి: లోపలే బ్యాటరీ ఉందా, లోపలే సైరన్ ఉందా, టెస్ట్ బటన్ ఉందా. "స్టాండ్ అలోన్" అనో "బ్యాటరీ ఆపరేటెడ్ అలారం" అనో రాసి ఉంటుంది. మోత 3 మీటర్ల దూరంలో 85 డెసిబెల్స్ ఉండాలి. ఏ ప్రమాణం ప్రకారం తయారయిందో ఎక్కడా లేకుండా వట్టి "హై క్వాలిటీ" అని ఉంటే వదిలేయండి.

మీ అపార్ట్‌మెంట్ కొత్తదై ఫ్లాట్ లోపల పైకప్పుకు ఇలాంటివి బిల్డరే పెట్టి ఉంటే, అవి కింద సెక్యూరిటీ గదిలో ప్యానెల్‌కు కలిసి ఉంటాయి. ఒకసారి వెళ్లి ఆ ప్యానెల్ చూసి రండి. పచ్చ లైటు వెలుగుతోందా, లేక "మోగుతోంది సార్, అందుకే ఆపేశాం" అంటాడా అన్నది అక్కడే తెలుస్తుంది. ఆపేసి ఉంటే అసోసియేషన్ మీటింగులో గట్టిగా అడగాల్సిన విషయం రంగుల ఖర్చు కాదు, అది.

కరెంటు ఎక్కడి నుంచి

మామూలు 9 వోల్టుల బ్యాటరీది మొదట చవక. ఏడాదికోసారి మార్చాలి. అయిపోయే ముందు ముప్పై సెకన్లకో నిమిషానికో ఒకసారి "కిచ్" మంటుంది. అది పగలెప్పుడూ మొదలుకాదు. రాత్రి చల్లబడితే బ్యాటరీ వోల్టేజి ఇంకాస్త పడిపోతుంది గనక సరిగ్గా మూడింటికి మొదలవుతుంది. మూడు అలారాలున్న ఇంట్లో ఏది కూస్తోందో పట్టుకోవడానికి చీకట్లో ఒక్కో గదిలో నిమిషం చొప్పున చెవి రిక్కించి నిలబడాలి. పట్టుకున్నాక ఇంట్లో ఆ సైజు బ్యాటరీ ఉండదు. కోపంగా ఉన్నది తీసి సొరుగులో పడేస్తాం. ఆ సొరుగులో అది పడుకున్నంత కాలం ఇంటికి అలారం లేనట్టే.

లోపలే సీలు చేసిన లిథియం బ్యాటరీది పదేళ్లు వస్తుంది. తీయడానికి వీలుండదు, అదే దీని గొప్ప. కాలిఫోర్నియాలో 2014 నుంచి బ్యాటరీతో నడిచే కొత్త అలారాలు ఇలాగే ఉండాలన్నారు. ధర ఎక్కువే గానీ, పదేళ్ల బ్యాటరీల ఖర్చు, స్టూలెక్కడం, సొరుగు గొడవ అన్నీ కలిపితే ఇదే చవక. తల్లిదండ్రులు ఒంటరిగా ఉండే ఇంటికి ఇంకో మాట లేకుండా ఇదే.

ఇంటి కరెంటుకు కలిపేవి కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లకు బాగుంటాయి. లోపల బ్యాటరీ బ్యాకప్ ఉన్నదే తీసుకోవాలి. వైరింగ్ కాలితే ముందు పోయేది కరెంటే కదా.

ఒకటి మోగితే అన్నీ మోగే ఏర్పాటు రెండంతస్తుల ఇంటికి తప్పనిసరి అంటాను. కింద వంటింట్లో మొదలైన మంట సంగతి పైన ఏసీ వేసుకుని తలుపు మూసుకుని పడుకున్నవాళ్లకు వేరే దారిలో తెలియదు. వైర్‌లెస్‌గా కలిసేవి దొరుకుతాయి. ఫోనుకు కబురు పంపే వైఫై రకం పిల్లలు బెంగళూరులోనో డాలస్‌లోనో ఉండి పెద్దవాళ్లు తెనాలిలో ఉన్న ఇంటికి పనికొస్తుంది. అయితే వైఫై లేకపోయినా గోడ మీద మోగేదే కొనాలి.

గ్యాసుకు వేరే, కార్బన్ మోనాక్సైడ్‌కు వేరే

స్మోక్ అలారం ఉందిగా, సిలిండర్ లీకయినా మోగుతుందని అనుకునేవాళ్లు ఎందరో. మోగదు. సిలిండర్ గ్యాసు గాలి కన్నా బరువు, నేల మీద పాకుతుంది. దాని అలారం నేలకు జానెడు, మూరెడు ఎత్తులో పెట్టాలి. పైపులో వచ్చే గ్యాసు గాలి కన్నా తేలిక, దాని అలారం పైకప్పు దగ్గర పెట్టాలి. ఈ రెండూ తారుమారైతే కొన్నా కొననట్టే.

గ్యాస్ గీజర్ ఉన్నవాళ్లు కార్బన్ మోనాక్సైడ్ అలారం గురించి ఆలోచించండి. వాసన, రంగు లేని ఆ వాయువు మూసిన బాత్రూమ్‌లో నిమిషాల్లో మనిషిని పడేస్తుంది. అలారం కన్నా ముందు చేయాల్సింది గీజర్‌ను బాత్రూమ్ బయటికి మార్పించడం.

గ్యాసు వాసన వస్తే స్విచ్ వేయకూడదన్నది అందరికీ తెలుసు. ఆపకూడదన్నది కొందరికే తెలుసు. వెలుగుతున్న లైటు ఆపినా నిప్పురవ్వ పుట్టగలదు. రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తీసి, బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయాలి. సిలిండర్ దిగినప్పుడు పై పట్టీ మీద అక్షరం, అంకె చూడండి: ‘బి-27’ అంటే 2027 జూన్‌లోపు మళ్లీ పరీక్ష చేయాల్సింది. ఎ అంటే మార్చి, సి అంటే సెప్టెంబర్, డి అంటే డిసెంబర్. గడువు దాటింది వస్తే తిప్పి పంపే హక్కు మీది. గొట్టం అయిదేళ్లకు మార్చాలి, తళతళలాడుతున్నా సరే.

ఆర్పడానికి ఏది

ఇంటికి ఒకటే కొనగలమంటే ఏబీసీ పౌడర్ ఎక్స్‌టింగ్విషర్, మన దేశ ప్రమాణం ఐఎస్ 15683 గుర్తున్నది. కట్టెలు, బట్టలు, కరెంటు సామాను దేనికైనా పనిచేస్తుంది. చిన్నదాంట్లో పౌడర్ పది సెకన్లు అటూ ఇటూగా అయిపోతుంది, మోయగలిగితే నాలుగు కిలోలది తీసుకోండి. పౌడర్ టీవీలో, ఫ్రిజ్‌లో దూరి నాశనం చేస్తుంది. ఆ బాధ లేనిది కార్బన్ డయాక్సైడ్ రకం. కానీ అది బరువు, ఖరీదు, సోఫా మంట మీద అంతగా నిలవదు. ఇంటికి నేను దాన్ని చెప్పను.

నూనె మూకుడు అంటుకుంటే ఏ ఎక్స్‌టింగ్విషర్ కన్నా ముందు పనిచేసేది పక్కనున్న పళ్లెం. స్టవ్ కట్టేయడం, పళ్లెం అడ్డంగా జరిపి మూయడం, చల్లారేదాకా తీయకపోవడం. నీళ్లు పోస్తే చుక్క చుక్కా వెయ్యి రెట్లకు పైగా ఉబ్బి ఆవిరై మండే నూనెను పైకప్పుకు చిమ్ముతుంది. మూకుడు పట్టుకుని సింకు దగ్గరికి పరిగెత్తడం అంతకన్నా అన్యాయం. పౌడర్ కొట్టాల్సి వస్తే దూరం నుంచి కొట్టాలి, దగ్గర నుంచి కొడితే ఆ జోరుకు నూనె చిందుతుంది. కర్రీ పాయింట్ లాంటివి నడిపేవాళ్లు మాత్రం వంటనూనె మంటల కోసమే ఉన్న వెట్ కెమికల్ రకం తీసుకోవాలి.

ఎక్స్‌టింగ్విషర్ ఉండాల్సింది గ్యాసు బండ పక్కన కాదు, వంటింటి గుమ్మం బయట. మంట దాటుకుని వెళ్లి తెచ్చుకునే వస్తువు కాదది. మంట మీ నడుము ఎత్తు దాటితే దాన్నీ వదిలేసి, తలుపు మూసి, బయటికి నడవండి.

మీరు ఎవరైతే ఏది

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అద్దె ఫ్లాట్: సీలు బ్యాటరీ ఫోటోఎలక్ట్రిక్ రెండు. ఒకటి పడకగదుల ముందు నడవాలో, ఒకటి పడుకునే గదిలో. రంధ్రాలు వేస్తే ఓనరు ఒప్పుకోకపోతే పెట్టెతో వచ్చిన అంటించే పట్టీతో అతికించొచ్చు, తయారీదారు ఒప్పుకుంటేనే. ఇల్లు మారేటప్పుడు ఫ్యాన్లతో పాటు విప్పుకుని తీసుకెళ్లండి.

ఊళ్లో అమ్మానాన్నల ఇల్లు: పై రకమే, ఒకదానికొకటి కలిసేవి. ఇక్కడ ఒక చిక్కుంది. వయసుతో మొదట పోయేది సన్నటి కీచు శబ్దాలు వినే శక్తి, మామూలు అలారం మోగేది సుమారు 3100 హెర్ట్జ్ కీచు గొంతుతో. 520 హెర్ట్జ్ బొంగురు గొంతుతో మోగేవి, మంచం అదిరించే అమరిక ఉన్నవి విదేశాల్లో దొరుకుతాయి. పిల్లలు అక్కడుంటే సెలవులకు వచ్చేటప్పుడు చాక్లెట్ల బదులు అదొకటి తేవచ్చు. దేవుడి గదికి మాత్రం దూరంగా పెట్టండి. నేను మొదట పెట్టింది దేవుడి గది గుమ్మం ఎదురుగా. "ధూపం వెయ్యొద్దంటావా ఏమిట్రా?" అని అమ్మ ఒక్క మాటతో దాన్ని విప్పించింది. ఆమె అన్నదే సబబు. నాలుగు మీటర్లు జరిపాక గొడవ లేదు.

అమెరికాలో అద్దె అపార్ట్‌మెంట్: ఉన్నదాన్ని పీకడం, కప్పడం చాలా లీజుల్లో ఉల్లంఘన. పోపుకు మోగుతుంటే లీజింగ్ ఆఫీసుకు రాసి ఫోటోఎలక్ట్రిక్ పెట్టమని అడగండి. పొయ్యికి 10 అడుగుల లోపు మామూలుగా పొగ అలారం పెట్టకూడదని అక్కడి ప్రమాణమే చెబుతుంది, ఆ వాక్యం రాస్తే తొందరగా కదులుతారు. ఈలోగా వేయింపు మొదలెట్టే ముందే చిమ్నీ వేయడం, అలారం మీద ‘హష్’ బటన్ నొక్కడం. ఆ బటన్ అలారాన్ని కొద్ది నిమిషాలు మాత్రమే నెమ్మదింపజేస్తుంది, తర్వాత అలారం మళ్లీ తనే లేస్తుంది. షవర్ టోపీకి ఆ గుణం లేదు.

సొంతిల్లు కట్టుకునేవాళ్లు శ్లాబు వేసేటప్పుడే అలారాలకు పైపు వేయించండి. ఆ తర్వాత గోడ చీల్చమంటే మేస్త్రీ మాట వేరుగా ఉంటుంది.

పెట్టాక

ఫ్యాను రెక్కల కొస నుంచి, బాత్రూమ్ తలుపు నుంచి, ఏసీ గాలి నుంచి మూడడుగులు ఎడం ఉండాలి. మన ఇళ్లలో గది నడిమధ్య ఫ్యానుంటుంది గనక అలారం పక్కకు జరగక తప్పదు. గోడకైతే పైకప్పు నుంచి అడుగు లోపు.

నెలకోసారి బటన్ నొక్కి మోగించాలి. మా ఇంట్లో అమావాస్య రోజు అని పెట్టుకున్నాం, అమ్మ మర్చిపోదు. ఆరు నెలలకోసారి మెత్తటి బ్రష్షుతోనో వాక్యూమ్‌తోనో చుట్టూ జాలీ శుభ్రం చేయాలి. పక్కన ఇల్లు కడుతుంటే ఇంకా తరచుగా. సంక్రాంతికి సున్నాలు, పెళ్లికి రంగులు వేయించేటప్పుడు అలారం విప్పి దాచి, పని అయిన రోజు రాత్రే మళ్లీ పెట్టేయాలి. పెయింటర్ దాని మీదుగా కూడా రోలర్ ఒకసారి తిప్పేస్తాడు. ఆ జాలీ మూసుకుపోతే బటన్ నొక్కితే మోగుతుంది, పొగకు మోగదు. తయారైన తేదీ వెనక ఉంటుంది. దాని నుంచి పదేళ్లకు, బాగా మోగుతున్నా, మార్చేయాలి.

నిద్రపోయేటప్పుడు పడకగది తలుపు మూసుకోవడం, స్కూటర్ బ్యాటరీని గుమ్మం దగ్గర చార్జింగ్ పెట్టకపోవడం. ఈ రెంటికీ పైసా ఖర్చు లేదు.

అలారం మోగాక ఏం చేయాలో మాత్రం ఒకసారి చేసి చూడందే తెలియదు. కిందటి దసరా సెలవుల్లో తెనాలి ఇంట్లో రాత్రి తొమ్మిదింటికి లైట్లన్నీ ఆపి బటన్ నొక్కాను. అందరూ వీధిలో వేపచెట్టు కిందికి రావాలి, అదీ లెక్క. పిల్లలు మోకాళ్ల మీద పాకుతూ నవ్వుకుంటూ వరండా దాకా వచ్చేశారు. అక్కడ ఆగిపోయారు. దొంగల భయానికి వేయించిన కటకటాల తలుపుకు తాళం. తాళం చెవి నాన్న తలగడ కింద. ఆయనేమో కళ్లజోడు వెతుక్కుంటున్నారు. ఫోన్‌లో పెట్టిన టైమర్ నాలుగు నిమిషాలు దాటింది. ఫోమ్ సోఫా ఇచ్చే మూడు నిమిషాలూ ఆ తాళం దగ్గరే అయిపోయాయి.

మర్నాడు పొద్దున్నే నాన్నే కటకటాల పక్క గోడకు, బయటి చెయ్యికి అందని చోట, చిన్న పిల్లకు అందే ఎత్తులో మేకు కొట్టారు. రెండో తాళం చెవికి ఎర్ర దారం కట్టి దానికి తగిలించారు. వంటింటి వెనక తలుపుకూ అలాగే. గోడ మీద పెన్సిల్‌తో 101, 112 అని రాశారు. రాత్రి మళ్లీ నొక్కాను. నిమిషం నలభై సెకన్లు. నాన్న కళ్లజోడు లేకుండానే వచ్చారు.